గిటారు ఆంప్: యాభై వాట్ల మార్షల్ కొనాలా, ఏసీ30 కొనాలా? బెంగళూరులో రెండూ అమ్మకానికి దొరికాయి

ఆరోతీగ | శుక్రవారం, రాత్రి 10.50

అందరికీ నమస్కారం. మాది కడప. ఎనిమిదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. పగలంతా కంప్యూటర్, రాత్రి గిటారు. నలుగురం కలిసి ఆదివారాలు కోరమంగలలో ఒక రిహార్సల్ గది అద్దెకు తీసుకుని వాయిస్తాం. పాత రాక్ పాటలు, మధ్యమధ్య మేం కట్టుకున్న తెలుగు పాటలు. ఇన్నాళ్లూ ఆ గదిలో ఉన్న ట్రాన్సిస్టర్ ఆంప్‌తోనే (గిటారు శబ్దాన్ని పెంచే పరికరం) నెట్టుకొచ్చాను. ఇప్పుడు బోనస్ వచ్చింది, ఇంట్లో అనుమతీ వచ్చింది. రెండోదానికే ఎక్కువ కష్టపడ్డాను.

సెకండ్‌హ్యాండ్‌లో రెండు ట్యూబు ఆంపులు (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో నడిచేవి) కనబడ్డాయి. ఇందిరానగర్‌లో వాక్స్ ఏసీ30, రెండు సెలెస్టియన్ బ్లూ స్పీకర్లున్న కాంబో, అంటే ఆంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో. ఫ్రేజర్ టౌన్‌లో మార్షల్ 1987ఎక్స్, అంటే అరవైల నాటి యాభై వాట్ల ప్లెక్సీ మోడల్‌ను మళ్లీ తయారు చేసిన హెడ్ (స్పీకర్లు లేని ఆంప్). దానితో పాటు నాలుగు గ్రీన్‌బ్యాక్ స్పీకర్ల క్యాబినెట్. ధరల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

నా దగ్గర ఒక స్ట్రాట్, ఒక లెస్ పాల్ గిటార్లు ఉన్నాయి. టోన్‌లో అసలు తేడా ఏమిటి? తయారీలో ఏది గట్టిది? నలభై వీడియోలు చూశాను. ఏది చూసినా, ఆఖర్న చూసిందే కొనాలనిపిస్తోంది.

గ్రీన్‌బ్యాక్_గిరి | శుక్రవారం, రాత్రి 11.05

ఇదీ ఒక ప్రశ్నేనా తమ్ముడూ? మార్షల్ తీసుకో. లెస్ పాల్ పెట్టుకుని ఏసీ30 కొంటానంటే నాటుకోడి తెచ్చుకుని సాంబారు వండుకున్నట్టు ఉంటుంది. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ వాడింది మార్షల్. అతని పూర్తి పేరు కూడా జేమ్స్ మార్షల్ హెండ్రిక్సే. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

2007లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ బృందం వాయించినప్పుడు నేను ముందు వరసల్లో ఉన్నాను. మూడు రోజుల పాటు చెవుల్లో ఈల మోగింది. ఆంప్ అంటే ఛాతీ మీద కొట్టాలి.

మైలాపూర్_మీటు | శనివారం, ఉదయం 7.20

గిరి గారూ, తెల్లవారగానే సాంబారును అవమానించారు. మద్రాసులో పుట్టిన తెలుగుదాన్ని, ఊరుకోను.

ఆరోతీగ గారూ, పాతికేళ్లుగా కోడంబాక్కం, సాలిగ్రామం స్టూడియోల్లో గిటారు వాయిస్తున్నాను. నా ఏసీ30ని ఎక్కిన మెట్లకూ దిగిన మెట్లకూ లెక్క లేదు. అందుకే ముందు బరువు సంగతి చెబుతాను. ముప్పై కిలోలు దాటుతుంది. పైన మూడు పట్టీలున్నా పట్టుకోవడానికి మనిషికి రెండే చేతులు. లిఫ్ట్ లేని స్టూడియోకు పిలుపు వస్తే నేను ముందే పారితోషికం గురించి మాట్లాడతాను.

ఇక ధ్వని. తంబురలో తీగ కింద నూలుపోగు సర్దితే ఉన్నట్టుండి స్వరం విచ్చుకుని మెరుస్తుంది చూశారా? ఏసీ30 మీద స్ట్రాట్‌తో ఓపెన్ కార్డు మీటితే ఆ మెరుపే వస్తుంది. కార్డులో ఉన్న ఆరు తీగలూ ఆరుగా వినబడతాయి. వాల్యూమ్ పెంచుతూ పోతే ఎక్కడ శుభ్రత ముగిసిందో, ఎక్కడ గరుకు మొదలైందో గీత గీసి చెప్పలేం. మెల్లగా మీటితే గాజుగాజుగా, గట్టిగా కొడితే గుర్రుమంటూ పలుకుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. టాప్ బూస్ట్ చానల్‌లో (పై శ్రుతుల మెరుపు పెంచే దారి) బాస్, ట్రెబుల్ ఉంటాయి, మిడ్ నాబ్ ఉండదు. చివర్లో కట్ అని ఇంకో నాబ్ ఉంటుంది. అది తిరకాసు నాబ్, పెంచితే ట్రెబుల్ తగ్గుతుంది. అమ్మేవారి ఇంట్లో అది సున్నాలో ఉండిపోతే ధ్వని సూదుల్లా గుచ్చుకుంటుంది. 'ఏసీ30 చెవులు చిల్లులు పొడుస్తుంది' అని తిరిగి వచ్చేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ముందు కట్ సగానికి తిప్పండి, ఆ తర్వాత వినండి.

బడ్జెట్_బాబు | శనివారం, ఉదయం 9.40

2 ఆంపులూ వద్దు. ఆ డబ్బులో సగానికి మంచి డిజిటల్ మోడలర్ (ఆంపుల ధ్వనిని అనుకరించే పరికరం) వస్తుంది. అందులో ఏసీ30 ఉంటుంది, ప్లెక్సీ ఉంటుంది, ఇంకో వంద ఉంటాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పక్క ఫ్లాటువాళ్లు సంతోషిస్తారు. 1960ల సామాను మోయడం దేనికి?

గ్రీన్‌బ్యాక్_గిరి | శనివారం, ఉదయం 9.43

పటంలో పాయసం ఎంత బాగున్నా నాలుకకు తగలదు నాయనా.

బడ్జెట్_బాబు | శనివారం, ఉదయం 9.47

మీకు కళ్లకు గంతలు కట్టి రెండూ వినిపిస్తే కనుక్కోగలరా? పందెం?

నిర్వాహకుడు | శనివారం, ఉదయం 10.15

ఈ పందేనికి వేరే చర్చ ఉంది, రెండేళ్లుగా నడుస్తూనే ఉంది. అక్కడికి వెళ్లండి. ఇక్కడ అడిగిన రెండు ఆంపుల గురించి మాట్లాడండి.

వాల్వుల_తాత | శనివారం, మధ్యాహ్నం 3.30

మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఇక్కడ సాంబారు, పాయసం వడ్డించేశారు. సరే, నా వంతు.

నేను రాజమండ్రి నుంచి వచ్చి జాలహళ్లిలో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. మీరంతా ట్యూబులంటారు, మేం వాల్వులనేవాళ్లం. ఏసీ30లో పవర్ ఇచ్చే ఈఎల్84 వాల్వులు మన జాలహళ్లిలో కూడా తయారయ్యాయి. అవి గిటారు కోసం పుట్టినవి కావు. ఫిలిప్స్ వాళ్లు 1953లో రేడియోల కోసం తెచ్చారు. విజయవాడ కేంద్రం వార్తల కోసం రేడియో వేసి, ఆకుపచ్చ కన్ను వెలిగేదాకా అందరూ అరనిమిషం ఊపిరి బిగబట్టి కూర్చున్న ఇళ్లలో ఇలాంటి వాల్వులే పాడేవి.

ఇప్పుడు అసలు సంగతి. మార్షల్ కథ దొంగతనంతో మొదలైంది, కాకపోతే మంచి దొంగతనం. జిమ్ మార్షల్ స్వతహాగా డ్రమ్మర్. పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో ఆయనకు దుకాణం ఉండేది. అమెరికా నుంచి వచ్చే ఫెండర్ ఆంపులు అక్కడి కుర్రాళ్లకు అందని ధరలో ఉండేవి. దుకాణంలో రిపేర్లు చేసే కెన్ బ్రాన్, ఇంకా ఇరవై నిండని డడ్లీ క్రేవెన్ కలిసి 1962లో ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను ముందు పెట్టుకుని జేటీఎం45 అనే తొలి మార్షల్ ఆంప్‌ను కట్టారు. గీసిన బొమ్మ దాదాపు అదే. మారినవన్నీ చేతికి దొరికిన వస్తువులు. మొదటి వాల్వుగా 12ఏవై7 బదులు ఈసీసీ83 పెట్టారు. దాని పెంపు శక్తి రెట్టింపుకు మించి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్లు ఇంగ్లీషువి. వెనక తెరిచిన పెట్టెలో నాలుగు పదంగుళాల జెన్సెన్ స్పీకర్ల బదులు, నాలుగు వైపులా మూసిన పెట్టెలో నాలుగు పన్నెండంగుళాల సెలెస్టియన్లు పెట్టారు. మా అమ్మమ్మ ఆవకాయ కొలతలతోనే మా అత్తగారు నువ్వుల నూనె బదులు వేరుశెనగ నూనె పోసి పెట్టేది. కొలత ఒకటే, జాడీ మూత తీస్తే మాత్రం వేరే ఇల్లు.

తర్వాత కేటీ66 వాల్వులు వచ్చాయి. 1966 ప్రాంతంలో ఈఎల్34లు వచ్చాయి. మీరు చూస్తున్న 1987 మోడల్ (అది మోడల్ నంబరు, సంవత్సరం కాదు) ఈ ఈఎల్34 తరానిది. ఈఎల్34 గట్టిగా తోస్తే మధ్య శ్రుతుల్లో కరకరలాడుతుంది. గిరి చెప్పే ఛాతీ దెబ్బ అదే.

వాక్స్ ఎవరినీ చూసి కట్టింది కాదు. కెంట్‌లోని డార్ట్‌ఫర్డ్‌లో టామ్ జెన్నింగ్స్ సంస్థ కోసం డిక్ డెన్నీ అనే గిటారిస్టే దాని సర్క్యూట్ గీశాడు. ముందు ఏసీ15 వచ్చింది. షాడోస్ అనే ఇంగ్లీషు గిటారు బృందంవాళ్లకు అభిమానుల కేకల్లో తమ వాద్యం తమకే వినబడేది కాదు. ఇంకా శబ్దం కావాలన్నారు. రెండు ఈఎల్84లను నాలుగు చేస్తే 1959లో ఏసీ30 అయింది. టాప్ బూస్ట్ మొదట వెనక తగిలించే అదనపు పలకగా వచ్చింది, తర్వాత లోపలికి చేరింది.

ఇక ఎవరూ చెప్పని తేడా ఒకటి. మార్షల్‌లో స్పీకరు వైపు వెళ్లిన సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, తిరగేసి కలుపుతారు. ఫీడ్‌బ్యాక్ అంటే అదే, వేదిక మీద కూత పెట్టే ఫీడ్‌బ్యాక్ వేరు. ఇది వాల్వులను అదుపులో ఉంచుతుంది. అందుకే మార్షల్ ఒక స్థాయి వరకు బిగువుగా, నిక్కచ్చిగా ఉంటుంది. ఆ గీత దాటగానే ఒక్కసారిగా తెగిస్తుంది. ప్రెజెన్స్ నాబ్ ఉండేది ఆ దారిలోనే. ఏసీ30లో ఆ దారే లేదు. పగ్గం లేని గుర్రం. అందుకే మీటుగారు అన్నట్టు శుభ్రత ఎక్కడ ముగిసిందో తెలియదు. ప్రెజెన్స్ నాబ్ లేక కట్ నాబ్ ఉండడానికి కారణమూ అదే.

నిశ్శబ్దం | శనివారం, సాయంత్రం 6.10

తాతగారూ, దండాలు. తయారీ గురించి అడిగారు కాబట్టి మూడో పేరు తెస్తున్నాను. హైవాట్.

ఒకసారి యెలహంకలో ఒకరి ఇంట్లో డెబ్బైల నాటి డీఆర్103 అనే హైవాట్ ఆంప్ వెనక పలక తీసి చూశాను. వైర్లన్నీ పొలం గట్ల మాదిరి నేరుగా వెళ్లి, చదరంగా మలుపు తిరిగి, కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఒక్క తీగ కూడా ఇష్టం వచ్చినట్టు పోలేదు. డేవ్ రీవ్స్ వాల్వులు చేసే ములార్డ్ కంపెనీలో పనిచేసి వచ్చి ఈ సంస్థ పెట్టాడు. సైనిక పరికరాలకు వైరింగ్ చేసే హ్యారీ జాయిస్‌కు ఆ పని అప్పగించాడు. ట్రాన్స్‌ఫార్మర్లు పార్ట్రిడ్జ్‌వి. ద హూ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ వేదిక మీద గిటార్లను ముక్కలు చేసేవాడు కానీ ఈ ఆంపులు మాత్రం పర్యటన తర్వాత పర్యటన నిలబడ్డాయి.

అయితే అది చెడదు, ధ్వని కూడా 'చెడదు'. ఎంత పెంచినా శుభ్రంగానే ఉంటుంది. గరుకు కావాలంటే పెడల్ పెట్టుకోవాలి. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ చేసింది అదే.

ఆరెంజ్, లేనీ ఆంపుల గురించి కూడా ఎవరో అడుగుతారు. ఆరెంజ్‌ది 1968, క్లిఫ్ కూపర్ లండన్ దుకాణం. డెబ్బైల్లో ముందు పలక మీద అక్షరాలు తీసేసి బొమ్మలు మాత్రమే వేశారు. మా నాన్నగారు కూడా వాడగలిగే ఆంప్ అదొక్కటే. ధ్వని మందంగా, బురదలో నడిచే గేదెలా బరువుగా ఉంటుంది, నాకిష్టం. లేనీ బర్మింగ్‌హామ్‌ది, బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ మొదట్లో వాడినది.

ఆరోతీగ | శనివారం, రాత్రి 9.00

ఇంత జవాబు వస్తుందనుకోలేదు. తాతగారూ, ఆవకాయ ఉదాహరణ మా ఆవిడకు చదివి వినిపించాను. ఆంప్ గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న 'నువ్వుల నూనెది ఏది?'

ఒక సందేహం. ఏసీ30 స్వచ్ఛమైన క్లాస్ ఏ అని ప్రకటనలో రాశారు. అందుకే టోన్ గొప్పదట. నిజమేనా?

సోల్డరు_చుక్క | శనివారం, రాత్రి 9.35

కాదు. క్లాస్ ఏ అంటే వాల్వుల్లో కరెంటు ఒక్క క్షణం కూడా ఆగకుండా పారడం. లెక్క వేసి చూపిస్తాను. ఈఎల్84 భరించగల వేడి 12 వాట్లు. నాలుగింటికి 48. నిజమైన క్లాస్ ఏలో, కాగితం మీద కూడా, అందులో సగానికి మించి బయటకు రాదు, అంటే 24 వాట్లు. ఏసీ30 అంతకంటే ఎక్కువే ఇస్తుంది. కాబట్టి చిన్నగా వాయించినంతసేపు క్లాస్ ఏ, గట్టిగా వాయిస్తే ఏబీ, అంటే మధ్యమధ్య వాల్వులు వంతులవారీగా ఆగుతాయి. అది కేథోడ్ బయాస్‌తో (వాల్వు తన కరెంటును తానే సర్దుకునే పద్ధతి) నడుస్తుంది, వాల్వులు ఎప్పుడూ బాగా వేడిగా ఉంటాయి. ఆ రెంటినీ కలిపి ఎవరో క్లాస్ ఏ అనేశారు, అది నిలిచిపోయింది. టోన్ బాగుంటుందన్నది నిజం. కారణం మాత్రం తాతగారు చెప్పిందీ, బ్లూ స్పీకర్లూ.

నేను ఎస్పీ రోడ్ దగ్గర రిపేరు పని చేస్తాను. కొనే ముందు వెనక జాలీలోంచి చీకట్లో వాల్వులను ఐదు నిమిషాలు చూడండి. నారింజ రంగులో సన్నగా వెలిగేది హీటరు, అది ఉండాలి. గాజు లోపలి అంచున నీలి ఛాయ కనబడినా భయం లేదు. బూడిద రంగు రేకు ఎర్రబడితే మాత్రం వెంటనే ఆపించండి.

మైలాపూర్_మీటు | శనివారం, రాత్రి 10.20

చుక్క గారి మాటకు ఒక తోక. ప్రతి నాబూ సున్నా నుంచి పది దాకా మెల్లగా తిప్పి చూడండి. మా సముద్రపు గాలికి రెండేళ్లలో నాబులన్నీ కరకరలాడతాయి. బెంగళూరులో ఆ బాధ తక్కువే కానీ, ఆ ఆంప్ ఇంతకు ముందు ఏ ఊళ్లో ఉండేదో ఎవరికి తెలుసు?

ఆరోతీగ | ఆదివారం, రాత్రి 8.45

రెండూ చూసి వచ్చాను. పొడుగ్గా రాస్తున్నాను, క్షమించాలి.

ముందు ఇందిరానగర్. ఏసీ30 గుమ్మం పక్కనే ఉంది, దాని మీద పూలకుండీ. కట్ నాబ్ నిజంగానే సున్నాలో ఉంది. మొదటి కార్డుకు పళ్లు జివ్వుమన్నాయి. సగానికి తిప్పాను. అక్కా, మీరు చెప్పిన తంబుర మెరుపు అప్పుడు వచ్చింది. మా పాటొకటి ఉంది, అందులో రెండే కార్డులు, నాలుగు నిమిషాలు. ఇన్నాళ్లూ అది నాకే విసుగ్గా ఉండేది. అక్కడ పది నిమిషాలు అదే వాయించాను. గిటారు వాల్యూమ్ తగ్గిస్తే అంతా తేటపడేది, పెంచితే ముడిపడేది. కాలితో ఒక్క పెడల్ కూడా తొక్కలేదు.

తర్వాత ఫ్రేజర్ టౌన్. నాలుగు ఇన్‌పుట్లున్న హెడ్. చిన్న తీగతో రెండు చానళ్లనూ కలిపాడు అమ్మే అబ్బాయి. మాస్టర్ వాల్యూమ్ లేదు కదా, నాలుగుకు పెంచేసరికి కింద వీధిలో కుక్కలు మొరిగాయి. లెస్ పాల్‌తో ఒక పవర్ కార్డు కొట్టాను. గిరి అన్నా, ఛాతీ మీద కాదు, ప్యాంటు మీద తగిలింది. నిజంగా బట్ట ఊగింది. ఒక్కో స్వరం ఇటుక పేర్చినట్టు బిగువుగా ఉంది.

అప్పుడు చుక్క గారి మాట గుర్తొచ్చి లైటు ఆర్పమన్నాను. రెండు ఈఎల్34ల్లో కుడి వైపుదాని రేకు మీద, అతుకు వెంబడి, చింతనిప్పు రంగులో గీత. చూస్తుండగానే అది చిటికెన వేలంత వెడల్పయింది. కాలిన దుమ్ము వాసన కూడా వచ్చింది. ఆపేయమన్నాను. 'ట్యూబులు కదా సార్, ఎర్రగానే ఉంటాయి' అన్నాడు ఆ అబ్బాయి. అతను మోసం చేయడం లేదు, అతనికి నిజంగానే తెలియదు. ఆరు నెలల క్రితం ఎవరితోనో కొత్త ట్యూబులు వేయించాడట.

ఇప్పుడు ఆంప్ పోయినట్టేనా?

సోల్డరు_చుక్క | ఆదివారం, రాత్రి 9.10

పోలేదు. సకాలంలో ఆపారు. ట్యూబులు వేసినవారు బయాస్ (ఊరికే ఉన్నప్పుడు ట్యూబులో పారే కరెంటు అమరిక) చూసి ఉండరు. ఏసీ30లో కేథోడ్ రెసిస్టర్ వల్ల బయాస్ తనంతట తాను సర్దుకుంటుంది కానీ, ఈ మార్షల్‌లో కొత్త ట్యూబులు వేసినప్పుడల్లా బయాస్ కొలిచి సర్దాలి. ఆ అబ్బాయి ఒప్పుకుంటే వచ్చే ఆదివారం మీటర్ పట్టుకుని వస్తాను. అంతవరకు దాన్ని ఎవరూ వేయకూడదు, ముఖ్యంగా విప్పకూడదు. లోపల 400 వోల్టులు దాటి ఉంటుంది. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లు ఆ విద్యుత్తును దాచుకుంటాయి.

వాల్వుల_తాత | ఆదివారం, రాత్రి 9.30

చివరి వాక్యాన్ని పెద్ద అక్షరాలతో గోడ మీద రాసి పెట్టుకోండి. నలభై ఏళ్ల అనుభవం ఉండి కూడా నేను వాల్వు పరికరం మీద పని చేసేటప్పుడు కరెంటు గుండె మీదుగా పోకుండా ఎడమ చేయి జేబులోంచి తీయను.

ఆరోతీగ | మరుసటి ఆదివారం, రాత్రి 7.30

వెళ్లాం. చుక్క గారు, నేను, ఏసీ30 అమ్మే పెద్దమనిషి కూడా వచ్చాడు, అదీ తన ఆంప్‌ను కారులో వేసుకుని. ఆయనకు ఈ చర్చ పంపించాను, మొత్తం చదివాడట. కొలతలు చుక్క గారే చెబుతారు.

సోల్డరు_చుక్క | మరుసటి ఆదివారం, రాత్రి 8.05

ఆ ఇంట్లో గోడ ప్లగ్‌లో 248 వోల్టులు వస్తున్నాయి. ఆంప్ 230కి చేసినది. అంటే లోపల ప్రతిదీ దాదాపు ఎనిమిది శాతం ఎక్కువ. 6.3 వోల్టులు ఉండాల్సిన హీటరుకు 6.8 అందుతోంది. ప్లేట్ (ఆ బూడిద రంగు రేకు) దగ్గర 460. ఎర్రబడ్డ ట్యూబులో 57 మిల్లీ ఆంపియర్లు పారుతున్నాయి. గుణిస్తే 26 వాట్లు. ఈఎల్34 భరించేది 25. ఏమీ వాయించకుండా, ఊరికే కూర్చున్నప్పుడే ఇంత.

డెబ్బై శాతం దగ్గర పెట్టడం వాడుక, అంటే 17.5 వాట్లు. దాన్ని 460తో భాగిస్తే 38 మిల్లీ ఆంపియర్లు. ట్యూబులు మార్చి అక్కడ నిలిపాను. ఆ ఇంటికి స్టెబిలైజర్ పెట్టుకోమన్నాను. ఫ్రిజ్‌కు పెట్టి ఆంప్‌కు పెట్టనివాళ్లే ఎక్కువ.

లోపలి తయారీ గురించి కూడా చెబుతాను. ఈ కొత్త 1987 అరవైల వాటిలా చేత్తో టరెట్ పలక (చిన్న లోహపు మేకులున్న పలక) మీద కట్టినది కాదు, సర్క్యూట్ బోర్డు మీద ఉంది. దానికి చాలామంది ముఖం చిట్లిస్తారు. నేను చిట్లించను. బోర్డు మందంగా ఉండి, ట్రాన్స్‌ఫార్మర్ మంచిదైతే ధ్వనికి వచ్చే లోటు లేదు. నా కంప్లైంటు ఒకటే. ఈ రోజుల్లో చాలా ఆంపుల్లో ట్యూబు సాకెట్లను కూడా బోర్డుకే అతుకుతున్నారు. ఏళ్ల తరబడి ఆ వేడికి సోల్డరు పగులుతుంది, నాలాంటివాడికి పని దొరుకుతుంది.

ఆరోతీగ | మరుసటి ఆదివారం, రాత్రి 8.30

ఇక అసలు వింత. రెండు ఆంపులూ ఒకే గదిలో ఉన్నాయి కదా, స్పీకర్లు తారుమారు చేసి చూద్దామన్నాను. మార్షల్‌ను ఏసీ30 స్పీకర్లకు కలపబోతుంటే మీటు అక్క ఫోనులోనే అరిచారు.

మైలాపూర్_మీటు | మరుసటి ఆదివారం, రాత్రి 8.40

అరవనా మరి? ఒక్కో బ్లూ భరించేది 15 వాట్లు, రెండూ కలిపి 30. యాభై వాట్ల మార్షల్‌ను తెరిచి పెడితే యాభైకి మించే ఇస్తుంది. రెండు నిమిషాల్లో కాయిల్ మాడిపోయేది. స్పీకరే లేకుండా ఆంప్ వేయడం ఎంత తప్పో, చిన్న స్పీకరు మీద పెద్ద ఆంప్‌ను వదలడమూ అంతే తప్పు.

ఆరోతీగ | మరుసటి ఆదివారం, రాత్రి 9.00

అందుకని ఒక వైపే చేశాం. ఏసీ30ని మార్షల్ క్యాబినెట్‌కు సరిపోయేలా 16 ఓంలకు మార్చి దానికి కలిపాం. నాలుగు గ్రీన్‌బ్యాక్‌లు, ఒక్కోటి పాతిక వాట్లు, భయం లేదు.

లెస్ పాల్ మీటాను. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మెరుపు ఏమైందో! పైన గాజు పోయింది, కింద బరువు వచ్చింది, మధ్యలో గిరి అన్న చెప్పే గరగర వచ్చింది. కళ్లు మూసుకుంటే చిన్న మార్షల్. అయితే ఒకటి మాత్రం పోలేదు. మెల్లగా మీటితే విచ్చుకోవడం, గట్టిగా కొడితే ముడుచుకోవడం అలాగే ఉంది. పగ్గం లేని గుర్రం ఏ బండికి కట్టినా గుర్రమే.

నేను రెండు వారాలు ఆంపుల గురించి మథనపడ్డాను. ఇన్నాళ్లూ నేను టోన్ అనుకున్నదాంట్లో సగం పెట్టె, స్పీకర్లదే.

నిశ్శబ్దం | మరుసటి ఆదివారం, రాత్రి 9.20

సగం కంటే ఎక్కువే. నా హైవాట్ వాదన కూడా ఫేన్ స్పీకర్లు లేకుండా నిలబడదని ఒప్పుకుంటున్నాను. ఇక ఏది కొంటున్నారు?

ఆరోతీగ | మరుసటి ఆదివారం, రాత్రి 9.45

ఏసీ30. ఆ రెండు కార్డుల పాట కోసం. ముప్పై వాట్లు, యాభై వాట్ల మధ్య చెవికి తెలిసే తేడా కూడా కొంచెమే. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్స్ అని చుక్క గారు చెప్పారు. కోరమంగల గదికి ముప్పై చాలు, నిజానికి అదీ ఎక్కువే.

మార్షల్ మాత్రం ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది. ఎవరికైనా కావాలంటే ఆ అబ్బాయి నంబరు వ్యక్తిగత సందేశంలో ఇస్తాను.

గ్రీన్‌బ్యాక్_గిరి | మరుసటి ఆదివారం, రాత్రి 11.30

తమ్ముడూ, ఆ నంబరు నాకు పంపు.

బడ్జెట్_బాబు | మరుసటి ఆదివారం, రాత్రి 11.34

అన్నా, మీ దగ్గర ఇప్పటికే మార్షల్ ఉంది కదా?

గ్రీన్‌బ్యాక్_గిరి | మరుసటి ఆదివారం, రాత్రి 11.52

2009లో అమ్మేశాను. పాప పుట్టింది, ఇల్లు మారాం, పెట్టడానికి చోటు లేదు. అప్పటి నుంచి హెడ్‌ఫోన్లతో మోడలర్ మీదే వాయిస్తున్నాను. ఇప్పుడు పాప డ్రమ్స్ నేర్చుకుంటోంది. ఇంట్లో ఎలాగూ నిద్ర లేదు.

బడ్జెట్_బాబు | మరుసటి ఆదివారం, రాత్రి 11.53

ఏ మోడలర్?

గ్రీన్‌బ్యాక్_గిరి | మరుసటి ఆదివారం, రాత్రి 11.55

చెప్పను.

వాల్వుల_తాత | సోమవారం, ఉదయం 6.15

ఆరోతీగ గారూ, అటక మీద ట్రంకు పెట్టె తీయించాను. పాత కన్నడ పత్రికల్లో చుట్టి నాలుగు జాలహళ్లి ఈఎల్84లు ఉన్నాయి. వాడనివి. నాకు వాటితో పనిలేదు, రేడియో కూడా మనవడు పట్టుకుపోయాడు. వచ్చి తీసుకెళ్లండి. చుక్క గారితో పరీక్ష చేయించకుండా మాత్రం ఆంప్‌లో పెట్టవద్దు. ఇన్నేళ్లు పడుకున్న వాల్వు ఎలా లేస్తుందో చెప్పలేం.

ఆరోతీగ | సోమవారం, ఉదయం 8.50

తాతగారూ, శనివారం వస్తాను. మా ఆవిడ నువ్వుల నూనెతో పెట్టిన ఆవకాయ ఒక సీసా తెస్తాను.

ఇంకో సహాయం. ఏసీ30 నా చిన్న కారు వెనక తలుపులోంచి పట్టడం లేదు. రెండు అంగుళాల తేడా. ఇందిరానగర్ నుంచి బెళ్లందూర్‌కు ఈ సాయంత్రం ఎవరి దగ్గరైనా పెద్ద బండి ఉందా?

గ్రీన్‌బ్యాక్_గిరి | సోమవారం, ఉదయం 8.58

ఉంది. ఆరింటికి వస్తాను. దారిలో ఫ్రేజర్ టౌన్‌లో పది నిమిషాలు ఆగాలి.